మున్సిపాలిటీ వాహనాల మరమ్మతు పనిని బయటి సంస్థకు అప్పగించాలా, మన షెడ్డులోనే ఉంచుకోవాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కోస్తాలోని ఒక మున్సిపాలిటీలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. వాహనాల షెడ్డు బాధ్యత రెండేళ్లుగా నా మీద ఉంది. మా దగ్గర 24 ఆటో టిప్పర్లు, 9 ట్రాక్టర్లు, చెత్తను నొక్కి తీసుకెళ్లే కాంపాక్టర్లు 4, 3 నీటి ట్యాంకర్లు, 2 జేసీబీలు, మురుగు కాలువలు శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రం ఒకటి, అధికారుల జీపులు 3, మొత్తం 46 వాహనాలు ఉన్నాయి. వీటి నిర్వహణను మూడేళ్ల కాంట్రాక్టు మీద బయటి సంస్థకు అప్పగించే విషయమై ప్రతిపాదన తయారు చేయమని పైఅధికారులు ఆదేశించారు. నోట్ కౌన్సిల్ ముందుకు వెళ్లేలోపు అనుభవం ఉన్నవారి సలహా తీసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

షెడ్డు పరిస్థితి దాచకుండా చెబుతాను. పర్మనెంట్ మెకానిక్‌లు ఇద్దరే మిగిలారు, వారిలో ఒకరు వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ఏజెన్సీ ద్వారా తీసుకున్న హెల్పర్లు ముగ్గురు ఉన్నారు. పాత ట్రాక్టర్లను వీళ్లు కళ్లు మూసుకుని బాగుచేస్తారు గానీ, 2020 తరువాత కొన్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండిలో సెన్సర్ లోపం వస్తే చూడడానికి మా దగ్గర స్కానర్ కూడా లేదు. చిన్న సామాను కావాలన్నా ఇండెంట్ (కావాలని రాసి ఇచ్చే పత్రం), మూడు కొటేషన్లు, మంజూరు అన్నీ దాటాలి. ఒకసారి క్లచ్ ప్లేటు కోసం ఒక కాంపాక్టర్ పన్నెండు రోజులు షెడ్డులోనే నిలిచిపోయింది. ఆ పన్నెండు రోజులూ రెండు వార్డుల్లో చెత్త కుప్పలు పేరుకుపోతుంటే, అక్కడి ఆడవాళ్లు నన్ను నిలదీసి అడిగిన మాటలు నేను మరచిపోలేదు.

లెక్కలు ఇవి. ఏడాదికి పర్మనెంట్ మెకానిక్‌ల జీతాలు 18 లక్షలు, హెల్పర్లకు 7 లక్షలు, సామానుకూ నూనెలకూ 22 లక్షలు (ఇందులో టైర్లు, బ్యాటరీలు 8 లక్షలు), బయట చేయించిన పనులకు 12 లక్షలు, షెడ్డు కరెంటు వగైరా 3 లక్షలు, వెరసి 62 లక్షలు. బళ్లు నిలిచిపోయినప్పుడు ప్రైవేటు ట్రాక్టర్లను అద్దెకు తెచ్చిన ఖర్చు గత ఏడాది 11 లక్షలు అయింది, అది వేరే పద్దులో ఉంది. ఒక సంస్థ టైర్లు, బ్యాటరీలు, ప్రమాద మరమ్మతులు మినహా అన్నీ తానే చూసుకుంటానని ఏడాదికి 52 లక్షలు, పన్ను అదనం అని ప్రాథమికంగా చెప్పింది. 62 పోయి 52 వస్తుంది కాబట్టి పది లక్షలు ఆదా అని నోట్‌లో రాయమంటున్నారు. నాకెందుకో ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

జవాబు: ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకరు

ఇంజనీరు గారికి నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా బస్సుల కింద పడుకుని పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదట ఒక మాటను విడదీసి చూడాలి. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఔట్‌సోర్సింగ్ అంటే ఏజెన్సీ ద్వారా మనుషుల్ని తీసుకోవడం అనే అర్థం స్థిరపడిపోయింది. మీ ముగ్గురు హెల్పర్లు ఆ పద్ధతిలో వచ్చినవారే. వాళ్లకు పని చెప్పేదీ, ఆ పనికి జవాబు చెప్పేదీ మీరే. ఇప్పుడు మీ ముందున్నది పనినే బయటికి ఇవ్వడం, అంటే బండి పొద్దున్నే అయిదు గంటలకు రోడ్డెక్కే బాధ్యతను ఇంకొకరి భుజం మీద పెట్టడం. ఈ రెండింటినీ ఒకటిగా చూసి టెండరు రాస్తే, మీకు మనుషులు మాత్రమే వస్తారు, బాధ్యత మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది.

ఆర్టీసీలో అద్దె బస్సులు చాలాకాలంగా నడుస్తున్నాయి కదా, అవి బాగానే ఉన్నాయి కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి తిరుగుతున్న విద్యుత్ బస్సులను కూడా ఉదాహరణగా చూపవచ్చు. అయితే అక్కడ బస్సు ఆర్టీసీది కాదు, నడిపే సంస్థదే. కిలోమీటరుకు ఇంత అని ఆ సంస్థ యజమానికి డబ్బు వస్తుంది. బస్సును నిర్లక్ష్యం చేస్తే ఆ నష్టం అతని ఆస్తికే, ఆగిన ప్రతి కిలోమీటరూ అతని జేబులోంచే పోతుంది. మీ విషయంలో బండి మున్సిపాలిటీది, కాంట్రాక్టు మూడేళ్లది, బండి బతకాల్సింది పదిహేనేళ్లు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చకపోతే అది మూడో ఏడాది లోపల పాడవదు, అయిదో ఏడాదిలో పాడవుతుంది, అప్పటికి కాంట్రాక్టరు వెళ్లిపోయి ఉంటాడు. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు, కాగితం మీద లెక్క అలా కుదిరింది, అంతే. కాబట్టి అద్దె బస్సు అనుభవాన్ని తెచ్చి మీ ట్రాక్టర్లకు అతికించకండి.

ఆర్టీసీ గ్యారేజీ బలమంతా మెకానిక్ చేతి నైపుణ్యంలోనే ఉందని బయటివాళ్లు అనుకుంటారు. నా అనుభవంలో దాని బలం షెడ్యూలులో ఉంది. రోజూ చూడవలసినవి, వారానికి చూడవలసినవి, ఇన్ని వేల కిలోమీటర్లకు విప్పి చూడవలసినవి అని ముందే రాసిపెట్టి ఉంటాయి. బండి బాగున్నా సరే ఆ రోజున అది గ్యారేజీకి రావాలి. పాడైన ఇంజనును అక్కడే కూర్చుని బాగుచేయకుండా, వర్క్‌షాపులో సిద్ధం చేసి ఉంచిన ఇంజనును బిగించి బస్సును పంపించేస్తారు, పాతది తీరిగ్గా బాగవుతుంది. పదివేల కిలోమీటర్లకు ఎన్నిసార్లు దారిలో ఆగింది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చింది అన్న రెండు అంకెలతో ఏ డిపో ఎలా ఉందో చెప్పేయవచ్చు. మీ 46 బళ్లలో ఒక్కొక్కదానికి ఈ రెండు అంకెలూ మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే, పని బయటికి ఇచ్చాక అతను బాగా చేస్తున్నాడో లేదో మీరు దేనితో కొలుస్తారు?

ఇంకొకటి. చెత్త బళ్లను కిలోమీటర్లతో కొలవడం పొరపాటు. కాంపాక్టర్ ఒక వీధిలో నిలబడి చెత్తను నొక్కుతున్నంతసేపూ ఇంజను తిరుగుతూనే ఉంటుంది, హైడ్రాలిక్ పంపు పనిచేస్తూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. జేసీబీకి, ట్రాక్టరుకు కూడా గంటల లెక్కే సరైనది. పైగా చెత్తలోంచి కారే నీరు బాడీ అడుగు రేకును తినేస్తుంది, సిలిండర్ సీళ్లను పాడుచేస్తుంది. రోజూ సాయంత్రం నీళ్లతో కడిగి గ్రీజు పెడితే ఆ బండి ఆయుష్షు ఎంత పెరుగుతుందో నేను కళ్లారా చూశాను. ఆ కడగడం, గ్రీజు పెట్టడం, గాలి చూడడం అనే పనిని దయచేసి ఎవరికీ ఇవ్వకండి. అది షెడ్డులోనే, మీ మనుషులతోనే జరగాలి.

క్లచ్ ప్లేటు కోసం పన్నెండు రోజులు ఆగిందన్నారు. ప్లేటు మార్చడం మీ మెకానిక్‌కు ఒక పూట పని. మిగతా రోజులన్నీ కొనుగోలు కాగితాలవి. ఎక్కువగా వాడే సామానుకు ఏడాది రేటు కాంట్రాక్టు (ముందే ధర ఖరారు చేసుకుని కావలసినప్పుడు తెప్పించుకునే ఒప్పందం) పెట్టుకుంటే ఆ జబ్బు కుదురుతుంది, దానికోసం మొత్తం షెడ్డును వదులుకోనక్కరలేదు.

జవాబు: స్థానిక సంస్థల ఆడిట్‌లో పనిచేసిన ఒకరు

పై పెద్దవారి మాటలతో ఏకీభవిస్తూ, లెక్క గురించి మాత్రం చెబుతాను. పది లక్షలు ఆదా అన్న వాక్యం నోట్‌లో ఉంటే రేపు ఆడిట్‌లో మొదటి అభ్యంతరం దాని మీదే వస్తుంది.

పని బయటికి ఇచ్చిన రోజున ఏ ఖర్చు నిజంగా ఆగిపోతుందో దాన్ని మాత్రమే ఆదాగా చూపాలి. పర్మనెంట్ మెకానిక్‌ల 18 లక్షలు ఆగవు, వాళ్లు మీ ఉద్యోగులే. టైర్లు, బ్యాటరీల 8 లక్షలు కాంట్రాక్టులో లేవు, అవీ ఆగవు. షెడ్డులో బళ్లు పెట్టుకోవాలి కాబట్టి కరెంటు వగైరాలో ఒక లక్ష ఖర్చయినా తప్పదు. ఇక 52 లక్షల మీద 18 శాతం జీఎస్‌టీ అంటే 9 లక్షల 36 వేలు, దాన్ని మున్సిపాలిటీ తిరిగి జమ చేసుకునే వీలు లేదు. అన్నీ కలిపితే ఏడాదికి 88 లక్షల 36 వేలు అవుతుంది. ఇప్పటి 62 లక్షల కన్నా ఇది 26 లక్షల 36 వేలు ఎక్కువ. ప్రైవేటు ట్రాక్టర్లకు కట్టిన అద్దె 11 లక్షలూ పూర్తిగా ఆదా అవుతాయని ఒప్పుకున్నా, 15 లక్షల 36 వేల తేడా ఉంటుంది. మన మెకానిక్ జీతం మీద జీఎస్‌టీ ఉండదన్న చిన్న విషయాన్ని ఇలాంటి నోట్లలో తరచుగా మరచిపోతారు.

దీని అర్థం బయటికి ఇవ్వకూడదని కాదు. ఆ 15 లక్షలకు ఏం కొంటున్నారో కౌన్సిల్‌కు స్పష్టంగా చెప్పగలగాలి. వార్డుల్లో చెత్త ఆగకుండా ఉండడం ఆ డబ్బుకు తగినదే అని సభ్యులు భావిస్తే అది వారి నిర్ణయం. లేని ఆదాను చూపించి అడగడం మాత్రం తప్పు.

మరో విషయం. ప్రభుత్వ వాహనాలకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రద్దయి తుక్కుకు వెళ్లాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మీ తొమ్మిది ట్రాక్టర్లలో రాబోయే మూడేళ్లలో ఎన్నింటికి ఆ గడువు వస్తుందో ముందు చూడండి. తుక్కుకు పోయే బండికి కూడా మూడేళ్ల నిర్వహణ సొమ్ము కట్టే కాంట్రాక్టును, గడువుకు ఏడాది ముందు ఇంజను ఓవర్‌హాలింగ్ చేయించిన బిల్లును నేను నా ఉద్యోగంలో రెండూ చూశాను. అలాగే కాంట్రాక్టరు తన పనివాళ్లకు జీతాలు, పీఎఫ్ ఎగ్గొడితే ప్రధాన యజమానిగా ఆ బాధ్యత మున్సిపాలిటీ మీదకే వస్తుందని గుర్తుంచుకోండి.

జవాబు: విజయవాడ ఆటోనగర్‌లో గ్యారేజీ నడుపుతున్న ఒకరు

ఇంజనీరు గారూ, టెండరుకు అవతలి వైపు ఉన్నవాడిగా నా మాట కూడా వినండి. ఒక ప్రభుత్వ సంస్థ బళ్లను రెండేళ్లు చేశాను, మళ్లీ ఆ పనికి వెళ్లలేదు. కారణాలు చెబితే మీ టెండరుకు పనికివస్తాయి.

మొదటిది బిల్లు. నెలనెలా వస్తుందని నమ్మకం ఉంటే నేను ఒక ధర చెబుతాను, ఆరు నెలలు ఆగుతుందనుకుంటే ఆ వడ్డీని కలిపి ఇంకో ధర చెబుతాను. ఎల్‌వన్ (అందరికన్నా తక్కువ ధర వేసినవాడు) కావడం కోసం వడ్డీ కలపకుండా వేసినవాడు బిల్లు ఆగిన మూడో నెలలో అసలు సామానుకు బదులు నకిలీది బిగిస్తాడు. రెండోది, బండి నా చేతికి వచ్చేనాటికి ఏ స్థితిలో ఉందో ఎవరూ రాసి ఇవ్వలేదు. మొదటి నెలలోనే మూడు ఇంజన్లు విప్పాల్సి వచ్చింది, ఆ ఖర్చు నాదా వారిదా అన్న తగాదా చివరిదాకా తేలలేదు. అప్పగించే రోజున ఇద్దరూ కలిసి ప్రతి బండినీ నడిపి చూసి, ఫొటోలతో సహా సంతకాలు చేసుకోవాలి, తిరిగి ఇచ్చే రోజున కూడా అదే జాబితాతో చూడాలి. మూడోది డ్రైవర్లు. బరువు మించి ఎక్కించడం వల్ల కమాన్ పట్టీలు విరిగితే అది నిర్వహణ లోపం కాదు, కానీ పెనాల్టీ నాకు పడింది.

అన్నీ కలిపి ఏడాదికి ఇంత అని ఇచ్చే కాంట్రాక్టు కన్నా, బీఎస్-6 బళ్ల సెన్సర్లు, డీజిల్ పంపు, హైడ్రాలిక్ పంపు, ఇంజను ఓవర్‌హాలింగ్ వంటి పెద్ద పనులకు పనివారీ రేట్లు ఖరారు చేసుకోవడం ఇద్దరికీ మంచిది. మార్చిన ప్రతి పాత సామానూ బండి నంబరు రాసి మీ షెడ్డుకు తిరిగి రావాలని షరతు పెట్టండి. నిజాయితీగా పనిచేసేవాడు ఆ షరతుకు భయపడడు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. ఈ వారం రోజులూ లాగ్‌బుక్కులు తిరగేశాను. పెద్దవారు అడిగిన రెండు అంకెలు మా దగ్గర లేవు. డీజిల్ పోసిన లెక్క ఉంది గానీ, దారిలో ఆగిన లెక్క ఎక్కడా రాయలేదు. ట్రాక్టర్లలో నాలుగింటికి రెండేళ్లలోపే పదిహేనేళ్లు నిండుతాయి.

మొత్తం పనిని మూడేళ్లకు అప్పగించే ప్రతిపాదనను ప్రస్తుతానికి సిఫార్సు చేయలేనని, లెక్కతో సహా రాస్తున్నాను. దాని బదులు రోజువారీ పనిని షెడ్డులోనే ఉంచి, సామానుకు ఏడాది రేటు కాంట్రాక్టు, పెద్ద పనులకు పనివారీ రేట్లతో టెండరు, వారంటీ ఉన్న బళ్లను కంపెనీ సర్వీసుకే పంపడం, రిటైర్ అవుతున్న మెకానిక్ స్థానంలో కొత్తవారిని ఆయన ఉండగానే తీసుకోవడం అనే నాలుగు అంశాలు పెడుతున్నాను. ఏడాదిపాటు ప్రతి బండికీ జాబ్‌కార్డు (చేసిన మరమ్మతు వివరాల కార్డు) రాశాక, కావాలంటే ఆటో టిప్పర్లను మాత్రం బయటికి ఇచ్చే విషయం మళ్లీ పరిశీలించవచ్చు. వాటి పని ఒకే రకం కాబట్టి అక్కడ కొలవడం సులువు. పైఅధికారులు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకోకపోయినా, సొంత మెకానిక్‌లు ఇద్దరినీ తనిఖీకి ఉంచాలన్న షరతును మాత్రం వదులుకోను.

జవాబు: ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి

మంచి పని చేశారు. జాబ్‌కార్డులు మొదలుపెట్టే ముందు నాలుగు కాంపాక్టర్ల గంటల మీటర్లు తిరుగుతున్నాయో లేదో స్వయంగా చూడండి. చాలా షెడ్లలో ఆ వైరు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. రిటైర్ అవుతున్న ఆ మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చుని, ఏ బండికి ఏ జబ్బు ఎప్పటి నుంచి ఉందో ఆయన చెప్పింది చెప్పినట్టు రాయించండి, ఆ వివరాలు మీ ఏ రిజిస్టరులోనూ దొరకవు.