అప్‌డేట్: ఆటో స్టార్ట్-స్టాప్ ఆగిపోవడానికి కారణం సెన్సర్ కాదు, బ్యాటరీ

సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అది ఆగడం మానేసింది, మీటర్‌లో గీత కొట్టిన 'ఏ' గుర్తు వస్తోంది, సెన్సర్ పోయిందా అని అడిగాను. బ్యాటరీ చూడమన్నవాళ్ల మాటే నిజమైంది, చాలా థ్యాంక్స్.

రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే 12.2 వోల్టులు. నిండా ఛార్జ్ ఉంటే 12.6 దాటాలి. అంత తక్కువలో మళ్లీ స్టార్ట్ కాదేమోనని కంప్యూటరే ఇంజిన్‌ను ఆపనివ్వదు.

అసలు తప్పు ఎక్కడంటే, కిందటిసారి మామూలు బ్యాటరీ వేశారు. ఆటో స్టార్ట్-స్టాప్ బండ్లకు ఈఎఫ్‌బీ గానీ ఏజీఎమ్ గానీ ఉండాలి, ఇవి మాటిమాటికీ స్టార్ట్ చేసినా తట్టుకునే గట్టి రకం బ్యాటరీలు. రోజుకు పదులసార్లు స్టార్ట్ చేస్తుంటే మామూలు దాంట్లో ప్లేట్ల మీది పదార్థం త్వరగా రాలిపోతుంది. కంపెనీ నుంచి ఏజీఎమ్ వస్తే ఏజీఎమ్మే వేయండి, ఖరీదైనా సరే. కొన్ని మోడళ్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో బండి కంప్యూటర్‌లో నమోదు చేయాలి కూడా.

ఇంకోటి: బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద ఛార్జ్ లెక్కగట్టే చిన్న సెన్సర్ ఉంటే ఛార్జర్ నల్ల క్లిప్పు టెర్మినల్‌కు కాదు, బాడీ ఎర్త్‌కు (బండి బాడీ లోహానికి) పెట్టాలి. లేదంటే ఎక్కిన ఛార్జ్ లెక్కలోకి రాదు.

లాభమా అంటే, నిమిషం పైబడిన సిగ్నళ్లలో పెట్రోలు మిగులుతుంది. పాకే ట్రాఫిక్‌లో దండగ. మే ఎండల్లో మాత్రం ఆఫ్ బటన్ నొక్కడమే మేలు: ఇంజిన్ ఆగితే బెల్టుతో తిరిగే ఏసీ కంప్రెసర్ కూడా ఆగి, బ్లోయర్ వేడిగాలి కొడుతుంది.