వీకెండ్ క్రికెట్ లీగ్‌లో కీపర్ ఎప్పుడు మాట్లాడొచ్చు, ఎప్పుడు నోరు మూసుకోవాలి?

మారతహళ్లి_కీపర్:
బెంగళూరు కార్పొరేట్ లీగుల్లో ఆడేవాళ్లకి ఒక ప్రశ్న. వికెట్ల వెనక నుంచి బ్యాట్స్‌మన్‌ని కాస్త ఆటపట్టించకపోతే ఆదివారం మ్యాచ్ చప్పగా ఉంటుంది. ఎక్కడిదాకా పర్వాలేదు? ఈ సీజన్ నుంచి మా లీగ్‌లో హద్దు దాటితే బ్యాటింగ్ టీమ్‌కి 5 పెనాల్టీ రన్స్ ఇస్తారట. ముందు వార్నింగ్ ఉంటుందా, నేరుగా రన్సేనా? ఇంకోటి, తెలుగులో అంటే అవతలి టీమ్‌కి అర్థం కాదని మా బౌలర్ల ధీమా. అది నమ్మొచ్చా?

స్క్వేర్‌లెగ్_అంపైర్:
వార్నింగ్ లేదు బ్రో. స్ట్రైకర్ బంతి ఎదుర్కోవడానికి సిద్ధమవుతున్నప్పుడు గానీ, ఎదుర్కొంటున్నప్పుడు గానీ ఫీల్డర్ కావాలని దృష్టి మళ్లిస్తే అది రూల్ 41.4. 2017లో వచ్చిన క్రికెట్ రూల్స్ కోడ్ ప్రకారం అంపైర్ వెంటనే డెడ్ బాల్ (ఆ బంతికి ఆట ఆగిపోయినట్టు) అంటాడు, బ్యాటింగ్ టీమ్‌కి 5 రన్స్ ఇస్తాడు. ఆ బంతి ఓవర్ లెక్కలోకి రాదు, దానికి ఎవరూ అవుట్ కారు. అంటే నువ్వు చేసిన స్టంపింగ్ కూడా పోయినట్టే. ఆ 5 ఎక్స్‌ట్రాల్లోకి వెళ్తాయి, బౌలర్ ఖాతాలో పడవు.

రనప్ మొదలయ్యాకే నోరు మూస్తే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. బ్యాట్స్‌మన్ గార్డ్ తీసుకుని తల దించి బ్యాట్ నేలకి తాటించడం మొదలుపెట్టాడంటే సిద్ధమవుతున్నట్టే. నీకున్న టైమల్లా బంతి డెడ్ అయిన దగ్గర్నుంచి బౌలర్ తన మార్క్ (రనప్ మొదలుపెట్టే చోటు) చేరేదాకా.

బూతులది వేరే లెక్క, రూల్ 42. లెవల్ 1 తప్పుకి టీమ్‌కి మొదటిసారి వార్నింగ్, రెండోసారి 5 రన్స్. 'కొడతా' అని అవతలి ఆటగాణ్ణి బెదిరిస్తే లెవల్ 3: 5 రన్స్‌తో పాటు ఇన్నింగ్స్ ఓవర్లలో ఐదో వంతు బయట కూర్చోవాలి, 20 ఓవర్ల మ్యాచ్‌లో 4 ఓవర్లు. మీ లీగ్ ఇవన్నీ పాటిస్తుందా, కొన్నే పాటిస్తుందా అన్నది టాస్‌కి ముందే ఇద్దరు కెప్టెన్లూ అంపైర్‌తో తేల్చుకోవాలి.

సిల్లీపాయింట్_బీటీఎం:
తెలుగు గురించి: బెంగళూరులో అది రహస్యం కాదు. అవతలి టీమ్‌లో అనంతపురం వాడో, చిత్తూరు వాడో ఉంటాడు, లేదంటే తెలుగు వచ్చిన బళ్లారి కన్నడిగుడు ఉంటాడు. బంతి ఎక్కడ వెయ్యాలో అరిచి చెప్పొద్దు, గ్లవ్ సైగ పెట్టుకోండి. తెలుగు జోకులకి వాడండి. అర్థమైతే ఇంకా మంచిది, నవ్వుతాడు.

ఏమనాలి అంటే, బ్యాట్స్‌మన్‌తో నేరుగా అనొద్దు. మీ బౌలర్‌తోనో స్లిప్‌తోనో అతనికి వినపడేలా అనండి. వరసగా బీట్ అవుతుంటే (బ్యాట్ ఊపినా బంతి తగలకపోతే), 'ఉక్కపోతగా ఉంది, ఇంకోటి అక్కడే వెయ్యి, ఫ్యాన్ బాగా తిరుగుతోంది.' డాట్లు (రన్ రాని బంతులు) ఆడుతుంటే, బెంగళూరు ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ చోటు పేరు చెప్పి, 'సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగాడు, ఇప్పట్లో కదలడు.' ఒక్క వాక్యం చాలు. అదే జోకు రెండోసారి వేస్తే బ్యాట్స్‌మన్ దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. ఫోర్ కొట్టించుకున్నాక అసలు మాట్లాడొద్దు, ఏమన్నా ఏడుపులాగే వినిపిస్తుంది. ఒళ్లు, రంగు, కులం, యాస, ఇంట్లో ఆడవాళ్లు, ఇవేవీ జోకులు కావు. అంపైర్ పట్టించుకోకపోయినా మీ కెప్టెనే ఆపాలి.

కీపర్ అంటుంటే మిడాఫ్, పాయింట్ ఫీల్డర్లు కూడా అందుకుంటారు చూడండి, అక్కడే చెడుతుంది. ముగ్గురు కలిస్తే అది గోల. ఒక ఓవర్లో ఒక గొంతే వినపడాలి.

కవర్‌డ్రైవ్_కాకినాడ:
పైవన్నీ ఒప్పుకుంటాను. ఇంకొక్కటి కలపాలి: మాట అన్నవాడి ఏకాగ్రతే ముందు పోతుంది. 2021 జనవరిలో సిడ్నీ టెస్ట్ చివరి రోజు, మన కాకినాడ విహారి 161 బంతుల్లో 23తో, అశ్విన్ 39తో నాటౌట్‌గా నిలబడి మ్యాచ్ కాపాడారు. అశ్విన్‌ని వికెట్ల వెనక నుంచి తెగ గిల్లిన ఆస్ట్రేలియా కీపర్ టిమ్ పెయిన్ ఆ సాయంత్రమే విహారి క్యాచ్ వదిలేశాడు. మర్నాడు తన ప్రవర్తనకి క్షమాపణ చెప్పాడు. బ్యాట్స్‌మన్‌కీ అంతే. 1996 వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, మన చిన్నస్వామిలోనే: ఫోర్ కొట్టి వెంకటేశ్ ప్రసాద్‌కి బ్యాట్‌తో బౌండరీ చూపించిన పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ ఆమిర్ సొహైల్ తర్వాతి బంతికే బౌల్డ్.

అందుకే బౌలర్ మార్క్ దగ్గర తిరిగేసరికి నీ మాట అయిపోయి, నువ్వు కిందకి వంగి, కళ్లు బంతి మీద ఉండాలి. టెన్నిస్ బాల్‌కి వికెట్ల దగ్గరే నిలబడతావు కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఎడ్జ్ తగిలితే చేతులు కదిలించే టైమ్ కూడా ఉండదు.

మారతహళ్లి_కీపర్:
క్లియర్‌గా అర్థమైంది, థాంక్స్ అన్నా. మరి బ్యాట్స్‌మన్ తిరిగి అంటే?

స్క్వేర్‌లెగ్_అంపైర్:
నవ్వి వదిలెయ్, ఆ పాయింట్ అతనిదే. కానీ క్యాచ్ గాల్లో ఉండగా బ్యాట్స్‌మన్ కావాలని 'నాదే, నాదే' అని అరిచి మీ ఫీల్డర్ని తికమక పెడితే అప్పీల్ చెయ్యి. రూల్ 37, ఫీల్డింగ్‌కి అడ్డుపడటం. మాటతో అడ్డుపడ్డా అవుటే. క్యాచ్ జారినా సరే, తర్వాతి బంతికి బౌలర్ రనప్ మొదలుపెట్టేలోపు అడగాలి.