కోర్సు డ్రాప్ కావట్లేదు, హోల్డ్ అంటోంది. ఎలా తీయాలి?

కొల్లేటి కొంగ: మధ్యాహ్నం నుంచి పోర్టల్ ముందే కూర్చున్నా. డ్రాప్ నొక్కితే చాలు, ఎర్ర అక్షరాల్లో హోల్డ్ ఉందని వస్తోంది. క్రోమ్, ఎడ్జ్, ఫోన్ అన్నీ చూశా, క్యాష్ కూడా క్లియర్ చేశా. ఐటీ వాళ్లేమో మా పని కాదన్నారు. ఫీజు బాకీ లేదు. రేపు రాత్రితో గడువు అయిపోతుంది. ప్రొఫెసర్ చెప్పేది సగం కూడా అందట్లేదు. ప్లీజ్ ఎవరైనా చెప్పండి.

పెన్నా తీరం: డ్రాప్ చేయకు. ముందు డీఎస్‌ఓని కలువు, అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా స్టేటస్ చూసే అధికారిని.

మల్లెపందిరి: ఏ దేశం, ఏ డిగ్రీ, ఎన్నో సెమిస్టర్, ఎన్ని క్రెడిట్లు? ఇవి లేకుండా ఏం చెప్పమంటావు తమ్ముడూ?

కొల్లేటి కొంగ: యూఎస్ అక్కా, ఎఫ్-1 స్టూడెంట్ వీసా, ఎంఎస్ మొదటి సెమ్. మూడు కోర్సులు, 9 క్రెడిట్లు. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ డ్రాప్ చేసుకోమన్నారు కూడా.

మల్లెపందిరి: అయితే ఆ హోల్డ్ ఇంటర్నేషనల్ ఆఫీసు పెట్టింది అయ్యుంటుంది. అనుమతి లేకుండా 9 క్రెడిట్లకి కిందికి పోతే నీ వీసా స్టేటస్ పోతుంది కాబట్టి ఆపారు. బ్రౌజర్లు మార్చి లాభం లేదు. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ మాట చదువు వరకే. సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, అనుమతి ఇవ్వాల్సింది డీఎస్‌ఓ. దాన్ని ఆర్‌సీఎల్ అంటారు, తగ్గించిన కోర్సు లోడు అన్నమాట. అది సెవిస్‌లో ఎక్కాకే డ్రాప్ చేయాలి. ముందు డ్రాప్ చేసి తర్వాత అడిగితే కుదరదు.

కారణం రాసేటప్పుడు జాగ్రత్త. ఫెయిలవుతానని భయం, జీపీఏ పడిపోతుంది అని రాస్తే ఒప్పుకోరు. రూల్లో ఉన్న చదువు కారణాలు ఇవి: ఇంగ్లిష్‌తోనో రీడింగ్‌తోనో మొదట్లో వచ్చే ఇబ్బంది, అమెరికా బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం. నీది మొదటిదే. "లెక్చర్ వేగం అందుకోలేకపోతున్నాను, ఫలానా వారాల నోట్సు ఇలా ఉంది" అని ఉన్నదున్నట్టు రాయి. ప్రొఫెసర్ చేత రెండు లైన్ల మెయిల్ అడుగు, చాలా చోట్ల ఫారంలో ఆ గడి ఉంటుంది. డ్రాప్ తర్వాత కనీసం 6 క్రెడిట్లు మిగలాలి, నీకు సరిగ్గా సరిపోతాయి. ఈ చదువు కారణం ఎంఎస్ మొత్తానికి ఒక్కసారే వాడుకోగలవు. వేసవి కాకుండా వచ్చే సెమ్‌లో మళ్లీ ఫుల్ లోడు తీసుకోవాలి.

వేదాంతం వద్దు: అసలు డ్రాప్ ఎందుకు? మనవాళ్లకు ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చినా లెక్చర్ అందదు. ఆ పరీక్షలో వినిపించే ముక్కలు చిన్నవి, క్లాసులో 75 నిమిషాలు ఏకధాటిగా వినాలి. ముందు రాత్రి స్లైడ్లు తీసి, తెలియని పది పదాలు చూసుకుని, పైకి పలికి వెళ్లు. పదం చెవికి తెలిసుంటేనే పట్టుకుంటుంది. రికార్డు చేయాలంటే ముందు ప్రొఫెసర్‌ని అడగాలి. ఆఫీస్ అవర్స్‌లో "అర్థం కాలేదు" అనొద్దు, "ఈ స్లైడ్‌లో ఈ లైను నుంచి ఈ లైనుకు ఎలా వచ్చాం" అని అడుగు. రైటింగ్ సెంటర్‌కి వెళ్తే అసైన్‌మెంట్ కాగితం కూడా పట్టుకెళ్లు. వాళ్లు ప్రూఫులు దిద్దరు, ఒక పేరా చూపించి ఒక ప్రశ్న అడగాలి.

పెన్నా తీరం: రేపు గడువు. పదాలు నేర్చుకోవడం తర్వాత.

గుమ్మడిపువ్వు: అందరూ డ్రాప్ అంటున్నారు. మొదటి వారాల గడువు దాటితే అది విత్‌డ్రా, ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ పడుతుంది. రెండూ ఒకటి కాదు.

మల్లెపందిరి: ట్రాన్‌స్క్రిప్ట్‌కి ఒకటి కాదు, ఒప్పుకుంటా. సెవిస్ లెక్కలో మాత్రం రెండింటికీ క్రెడిట్లు తగ్గినట్టే.

గుమ్మడిపువ్వు: ఫీజు వాపసుకి తేడా ఉంటుంది కదా. అందుకే అన్నా.

మల్లెపందిరి: నిజమే, అది ఫీజులు చూసే బర్సర్ ఆఫీసులో అడగాలి. తమ్ముడూ, మిగిలే రెండు కోర్సుల్లో ఆన్‌లైన్‌వి ఉన్నాయా? ఫుల్ లోడు లెక్కకు టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే, 3 క్రెడిట్లే పనికొస్తాయి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉద్యోగం ఉంటే అది కూడా డిపార్ట్‌మెంట్‌లో కనుక్కో, ఫుల్‌టైమ్ ఉండాలని షరతు పెట్టి ఉండొచ్చు.

కొల్లేటి కొంగ: రెండూ క్యాంపస్‌లోనే. టీఏ లేదు. రేపు 10:30కి డీఎస్‌ఓ అపాయింట్‌మెంట్ దొరికింది. థాంక్స్ అక్కా.

చింతచిగురు: అక్కా, నాది బ్యాచిలర్స్, 12 క్రెడిట్లు, రెండో సంవత్సరం. నాకూ ఇంగ్లిష్ కారణం ఒప్పుకుంటారా?