చంటిపిల్లల టోపీ అంచు సాగుతలేదు, ఏ రకంగ కుట్లు ఎక్కించాలె?

అందరికీ నమస్తే, మాది హన్మకొండ. మా అక్క బిడ్డ తొట్లె ఫంక్షన్‌కి ఊలు టోపీ, సాక్సులు పెట్టుడు మా ఇంట్ల ఆనవాయితీ, అట్లనే చలికాలం వస్తుంది కదా అని ఇంకొన్ని టోపీలు సర్కారు దవాఖానల పుట్టిన పిల్లలకు కూడా ఇద్దామని అల్లుతున్న. అల్లిక మంచిగనే వస్తుంది కానీ కింద అంచు మాత్రం దారం కట్టినట్టు బిగుసుకుపోతుంది. పసిపిల్లల నుదురు మీద గీత పడితే ఎట్ల, నాకు అదే భయం.

ఊలు 4 ప్లై అక్రిలిక్, సూదులు 4 ఎంఎం, లాంగ్ టెయిల్ పద్ధతిల (పొడుగు దారం కొస వదిలి మొదటి వరుస సూది మీదికి ఎక్కించుడు) 72 కుట్లు ఎక్కించి, ఒకటి నిట్ (సీదా కుట్టు) ఒకటి పర్ల్ (ఉల్టా కుట్టు) చొప్పున 4 సెంటీమీటర్ల బార్డర్, తర్వాత మొత్తం ప్లెయిన్. రెండు సూదుల మీద అల్లి వెనక కుడుతున్న. పైన బార్డర్ మంచిగ సాగి మళ్ల దగ్గరికొస్తుంది, మొదటి వరుస ఒక్కటే కదుల్తలేదు.

రెండు సూదులు కలిపి పట్టుకొని ఎక్కించిన, అప్పుడు అంచు వదులై అలలు అలలుగ వచ్చింది. 5 ఎంఎం సూదితోని ఎక్కించి రెండో వరుస నుంచి 4కి మారినా అదే కథ. కుట్లు పెంచితే టోపీ పెద్దగైతుంది గానీ అంచు సాగదు. గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి ఆరేసి కూడా చూసిన, ఫరక్ లేదు. యూట్యూబ్ల ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి చెప్తున్నరు, అక్రిలిక్ మీద ఏది నిలుస్తదో తెలుస్తలేదు.

మీల ఎవరన్నా చంటిపిల్లల టోపీలు అల్లినోళ్లుంటే జర చెప్పండి, ఇట్లాంటి బార్డర్‌కి సాగి మళ్ల దగ్గరికొచ్చేటట్టు మొదటి కుట్లు ఏ పద్ధతిల ఎక్కించాలె?