డీబగ్గర్‌లో కొత్త ఫైలు లోడ్ కాకపోయినా పాత సెషన్ నిలబడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)

నమస్కారం. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లను నడిపే కంట్రోలర్ బోర్డుల కోసం సీ భాషలో చిన్న డీబగ్గర్ (ప్రోగ్రామును మధ్యలో ఆపి తప్పులు వెతికే సాధనం) రాసుకుంటున్నాను. నిన్న చెరువు గట్టు మీద పెన్‌డ్రైవ్‌లోకి కొత్త ఎల్ఫ్ ఫైలు (బోర్డు కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాము) కాపీ అవుతుండగా కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదు కనుక, కాపీ పూర్తయిందో లేదో చూడకుండానే పెన్‌డ్రైవ్ పీకేసి జనరేటర్ దగ్గరకు పరుగెత్తాను. తరువాత ఆ సగం ఫైలును లోడ్ చేయగానే డీబగ్గరే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని తాకడంతో) కూలిపోయి, గంటసేపు పెట్టుకున్న బ్రేక్‌పాయింట్లన్నీ (ప్రోగ్రాము ఆగాల్సిన చోట్ల గుర్తులు) పోయాయి. ఎల్ఫ్ ఫైలుకు గుర్తైన మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్, 45, 4సీ, 46 అవునో కాదో చూస్తూనే ఉన్నాను. ఇంకేం చూడాలి?

జవాబు (కాకినాడ నుంచి)

ఆ నాలుగు బైట్లు ఫైలు మొదట్లోనే ఉంటాయి కాబట్టి సగం తెగిన ఫైలు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. సెక్షన్ హెడర్ పట్టిక (ఫైలులో ఏ భాగం ఎక్కడుందో చెప్పేది) సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. ఫైలు మొదట్లోని హెడర్‌లో చెప్పిన ఆ పట్టిక ఆఫ్‌సెట్‌కు (ఫైలు మొదలు నుంచి దూరానికి), ఎంట్రీల సంఖ్యను ఒక్కో ఎంట్రీ పరిమాణంతో గుణించి కలిపితే వచ్చే మొత్తం, ఫైలు అసలు పరిమాణాన్ని మించితే అక్కడే ఆపేయండి. ఈ లెక్క 64 బిట్లలో చేయండి, లేకపోతే పాడైన ఫైలులోని పెద్ద సంఖ్యలు కూడికలో పొంగి చిన్నవిగా కనిపించి మిమ్మల్ని మోసగిస్తాయి.

అయితే మీ అసలు తప్పు వేరే చోట ఉందని నా అనుమానం: కొత్తది చదవకముందే పాత సింబల్ పట్టికను (ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లూ చిరునామాలూ ఉండేది) ఫ్రీ చేస్తున్నట్టున్నారు, అంటే దాని మెమరీని వదిలేస్తున్నట్టున్నారు. కొత్త ఫైలును విడి స్ట్రక్చర్‌లోకి చదివి, అన్ని పరీక్షలూ నెగ్గాకే పాయింటర్ మార్చి, ఆ తరువాతే పాతదాన్ని వదిలేయండి. బ్రేక్‌పాయింట్లను మెమరీ చిరునామాలుగా కాక సోర్సు ఫైలు పేరు, పంక్తి సంఖ్యలుగా దాచుకుంటే కొత్త ఫైలులో మళ్లీ వెతికి పెట్టవచ్చు.

జవాబు (అమలాపురం నుంచి)

కాకినాడ మిత్రులు చెప్పినది సరైనదే కానీ, ప్రతి లోపానికీ లోడింగ్ ఆపనక్కరలేదండి. డీబగ్ సమాచారం లేని ఫైలును జీడీబీ (అందరూ వాడే గ్నూ డీబగ్గర్) కూడా తిరస్కరించదు. సింబల్స్ లేవని చెప్పి, చిరునామాలతోనే పని సాగనిస్తుంది. సోర్సు ఫైలు దొరకనప్పుడూ అంతే: వేరే యంత్రంలో కంపైల్ చేస్తే ఆ యంత్రంలోని దారే (ఏ ఫోల్డర్లో ఉందో చెప్పేది) లోపల నమోదై ఉంటుంది కనుక, దారి మార్చుకునే వీలు ఇవ్వండి. ఎర్ర్‌నో (సిస్టమ్ ఇచ్చే లోపం సంఖ్య) 2 అయితే ఫైలు లేదని, 13 అయితే అనుమతి లేదని, వెతికిన పూర్తి దారితో సహా చూపండి.

ప్రశ్న అడిగినవారు

కాకినాడ వారి అనుమానం నిజమే, ఫ్రీ చేసే పంక్తి కొత్త ఫైలు చదివే చోటుకు పైనే ఉంది. దాన్ని కిందికి దించి, నిన్నటి సగం ఫైలునే మళ్లీ లోడ్ చేశాను: ఫైలు అసంపూర్ణంగా ఉందన్న సందేశం వచ్చింది, బ్రేక్‌పాయింట్లు ఉన్నచోటనే ఉన్నాయి.