అర్థం తెలియని పదానికి పూర్తి మార్కులు వేయవచ్చునా?

సీతమ్మధార వాసి:
మొన్న ఆదివారం మా అపార్టుమెంటులో పిల్లలకు ఇంగ్లీషు పదాల పోటీ పెట్టారు. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అయిదు అచ్చులూ ఉన్న పెద్ద పదాలను పావుగంటలో వీలైనన్ని రాయాలన్నది నియమం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పదకొండు పదాలు రాసి మొదటి బహుమతి తెచ్చుకుంది. వాటిలో ‘ఫెసీషస్’, ‘అబ్‌స్టీమియస్’ అనే రెండింటికి అదనపు మార్కులు కూడా వచ్చాయి, ఎందుకంటే ఆ రెండింటిలోనూ అయిదు అచ్చులూ ఒక్కొక్కసారి మాత్రమే, అదీ ఎ నుంచి యు వరకు వరుస తప్పకుండా వస్తాయి. ఇంటికి వచ్చాక వాటి అర్థమేమిటని అడిగితే తెలియదంది. పోటీలో ఎవరూ అడగలేదట. నిఘంటువు తీసి ఇద్దరం కలిసి చూశాం. మొదటిది సమయం సందర్భం చూడకుండా పరాచికాలాడే తీరును చెప్పే మాట. రెండోది తిండి విషయంలో, తాగుడు విషయంలో నిగ్రహం పాటించేవారిని గురించి చెప్పే మాట. బిడ్డకు బహుమతి వచ్చినందుకు సంతోషమే గాని, అర్థం తెలియని మాటకు అదనపు మార్కులు వేయడం నాకు సబబుగా తోచలేదు. పిల్లల చేత ఇలా అక్షరాలు పేర్పించడం భాష నేర్పడం అవుతుందా? పెద్దలు ఆలోచించి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెందుర్తి మాస్టారు:
అమ్మా, ఆ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నది నేనే, కనుక జవాబు చెప్పే బాధ్యత నాకుంది. ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పాను. పొడుగాటి పదం కనిపించగానే పిల్లలు బెదిరిపోయి మొదటి నాలుగు అక్షరాలు చదివి మిగిలినవి మింగేయడం ఏటా చూశాను. అక్షరాల ఆట ఆ బెదురును పోగొడుతుంది. ‘బుక్‌కీపర్’ అనే మాటలో రెండు ఓలు, రెండు కేలు, రెండు ఇలు ఒకదాని వెంట ఒకటి వస్తాయని తనంతట తాను కనిపెట్టిన పిల్లవాడు దాన్ని మళ్లీ తప్పు రాయడు. తొమ్మిది అక్షరాల ‘స్ట్రెంగ్త్స్’లో అచ్చు ఒక్కటే ఉందని, ‘రిథమ్’లో ఆ అయిదింటిలో ఒక్కటీ లేదని చెప్పినప్పుడు వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు కూడా తలెత్తి బల్ల వైపు చూసేవారు. ఎక్కాలనూ శతక పద్యాలనూ మనం అర్థం తెలిశాకే వల్లె వేశామా? ముందు నోటికి వచ్చాయి, అర్థం వయసుతో పాటు వచ్చింది. అర్థం అక్కరలేదని నేను అనడం లేదు, రెండూ ఒకే రోజున అడగనక్కరలేదని మాత్రమే అంటున్నాను.

అవధాన ప్రియుడు:
మాస్టారిపై గౌరవంతోనే విభేదిస్తున్నాను. అక్షరాలతో ఆట మన జాతికి కొత్త కాదు. నిషిద్ధాక్షరిలో అవధాని తరువాత వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ముందే పసిగట్టి అడ్డుపడతాడు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరమే ఉండాలని పట్టుబడతాడు. ప, ఫ, బ, భ, మ వంటి పెదవులతో పలికే అక్షరాలు ఒక్కటీ రాకుండా నిరోష్ఠ్యంగా చెప్పినవారూ ఉన్నారు. కాని ఎంత కఠినమైన నియమం పెట్టినా, పద్యానికి అర్థం కుదరకపోతే ఆ పూరణను సభ ఒప్పుకోదు. శతక పద్యం వల్లె వేసిన పిల్లవాడికి సగం అర్థమైనా చెవికి అందుతుంది, ఎందుకంటే అది అతని ఇంటి భాష. ‘అబ్‌స్టీమియస్’ మన పిల్లల చెవికి ఏ సంగతీ చెప్పదు. లాటినులో ‘టెమెటమ్’ అంటే మత్తు కలిగించే పానీయమనీ, దాని ముందున్న ‘అబ్స్’ దూరంగా ఉండటాన్ని సూచిస్తుందనీ రెండు నిమిషాలు చెప్పి ఉంటే, ఆ అమ్మాయికి అక్షరాల వరుసతో పాటు మాట కూడా దక్కేది.

వాల్తేరు నర్సు:
నేను అవధాన ప్రియుడు గారి పక్షమే, అయితే నన్ను అర్థం దగ్గరకు తీసుకువెళ్లినవి అక్షరాలే. శిక్షణలో చేరిన కొత్తలో ‘ఓటోరైనోలారింగాలజీ’ అనే పంతొమ్మిది అక్షరాల మాటను రాత్రంతా బట్టీపట్టి తెల్లారేసరికి మరచిపోయాను. చెవికి, ముక్కుకు, స్వరపేటికకు ఉన్న గ్రీకు పేర్లను పక్కపక్కన పెట్టారంతేనని మా సీనియర్ సిస్టర్ కాగితం మీద గీతలు గీసి విడదీసి చూపించింది. ఆ తరువాత ఎప్పుడూ తడబడలేదు. ‘టాన్సిలైటిస్’, ‘అపెండిసైటిస్’ అన్నింటికీ చివర ఉన్న ‘ఐటిస్’ వాపును చెబుతుందని తెలిసిన మనిషి, ఎన్నడూ వినని జబ్బు పేరును కూడా సగం చదివేసినట్టే. ఇంకొకటి, ఒక ఆర్ మీద మరొక ఆర్, ఆ పక్కన హెచ్ కనిపిస్తే ఆగి చూడండి. ‘డయేరియా’లోనూ, జలుబును చెప్పే ‘కటార్’లోనూ ఉన్న ఆ మూడక్షరాలు గ్రీకులో ప్రవహించడాన్ని చెప్పే ధాతువు నుంచి వచ్చాయి. 1999లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో నూపుర్ లాలా చివరగా చెప్పి గెలిచిన ‘లాగోరియా’ కూడా ఆ కుటుంబంలోదే, దాని అర్థం ఆపలేని మాటల ప్రవాహం.

పొడవు కోసమే పొడవు అంటే మాత్రం నాకు గౌరవం లేదు. ‘న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్’ అనే నలభై అయిదు అక్షరాల మాటను 1935లో అమెరికాలోని పదక్రీడల సంఘంవారు అన్నిటికన్నా పెద్ద పదం ఉండాలని కావాలనే పుట్టించారు. అతి సన్నని సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని దాని భావం. రాతి క్రషర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, నాలుగు మెట్లు ఎక్కలేక ఆయాసపడుతూ వచ్చే మనిషి కేస్‌షీటులో డాక్టర్లు రాసేది ‘సిలికోసిస్’ అనే.

మల్కాపురం:
సిస్టర్ చెప్పిన పద్ధతి బాగుంది, కాని ఒక హెచ్చరిక చేయాలి. మా రిఫైనరీ వైపు రోడ్ల మీద తిరిగే ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉంటుంది. ‘ఇన్‌విజిబుల్’ అంటే కనిపించనిది, ‘ఇన్‌కరెక్ట్’ అంటే సరికానిది అని బడిలో నేర్చుకున్న ఒక కుర్రాడు క్లీనరుగా చేరిన మొదటి వారంలో, ఇది అంటుకోని సరుకన్నమాట అని నాతో అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. అక్కడి ‘ఇన్’ కాదు అని చెప్పేది కాదు, లోపలికి అని చెప్పేది. మంట పుట్టించు అనే క్రియ నుంచి ఆ మాట వచ్చింది. ఇలాంటి పొరపాట్లకు భయపడే అగ్నిప్రమాద నివారణ నిపుణులు ఆ ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమని ప్రోత్సహించారు. అక్షరాలు కలిసినంత మాత్రాన అర్థం కలుస్తుందని పిల్లలకు నేర్పకండి.

పెందుర్తి మాస్టారు:
మల్కాపురం గారు చెప్పినదానికి నా దగ్గర ఎదురు లేదు. సిస్టర్ చెప్పిన మూడక్షరాలే ‘హెమరేజ్’లోనూ ఉన్నాయి, కాని అక్కడి గ్రీకు ధాతువు ప్రవహించడం కాదు, పగలడం. ‘పెడెస్ట్రియన్’లో పాదం ఉంది, ‘పీడియాట్రీషియన్’లో అమెరికావారు తొలి మూడక్షరాలు అవే రాసినా పాదం లేదు, గ్రీకు బిడ్డ ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఈ తేడాలు నా తరగతిలో ఎన్నడూ చెప్పలేదు, చెప్పి ఉండవలసింది. వచ్చే నెల పోటీలో పదానికి ఒక మార్కు, దాని అర్థం చెప్పి సొంత వాక్యంలో వాడితే రెండు మార్కులు వేద్దాం. అదనపు మార్కులు ఇక అక్షరాల వరుసకు ఉండవు.

సీతమ్మధార వాసి:
మాస్టారూ, రెండు మార్కుల నియమం నాకు సమ్మతమే. అర్థం తెలియని పదానికి ఆ మొదటి మార్కు మాత్రం ఎందుకన్న అభ్యంతరం అలాగే ఉంది. అమెరికా పోటీలో కూడా 2021 నుంచి వేదిక మీద పదాల అర్థాలు అడుగుతున్నారు, తప్పు చెప్పినవారు ఇంటిదారి పట్టవలసిందే. ఆ ఏడాది విజేత చెప్పిన చివరి పదం ‘మురాయా’. అదేమిటని అమ్మాయి అడిగితే, మన కరివేపాకు చెట్టుకు వృక్షశాస్త్రజ్ఞులు చిరకాలంగా రాస్తూ వచ్చిన ‘మురాయా కోనిగై’ అనే పేరులో మొదటి మాట అదేనని చెప్పాను. వెంటనే బాల్కనీలోకి వెళ్లి కుండీలోంచి ఒక రెమ్మ తెంపుకొచ్చి, తను రాసిన పదకొండు పదాల కాగితం పక్కన పెట్టుకుని, అర్థాలు ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికి ఏడు పూర్తయ్యాయి.