చిన్న పగడాల తొట్టికి ఎలాంటి లైటు ఎంచుకోవాలి?

ప్రశ్న:
నా దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఉప్పునీటి తొట్టి ఉంది. నీరు కుదురుకుంది, రెండు క్లౌన్ చేపలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఇప్పుడు జోయాంథిడ్లు, మష్రూమ్ పగడాలు, ఒక హామర్ పగడం పెట్టాలనుకుంటున్నాను. ముందుముందు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా పగడం కూడా పెంచాలని ఉంది. మంచినీటి మొక్కల తొట్టికి వాడిన తెల్లని ఎల్ఈడీ బార్ ఒకటి ఖాళీగా ఉంది. అది సరిపోతుందా? కొత్తది కొనాలంటే లీటరుకు ఇన్ని వాట్లు అన్న లెక్క చూడాలా, పెట్టె మీద రాసే కెల్విన్ సంఖ్య చూడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఆ రెండింటిలో ఏదీ మిమ్మల్ని సరైన లైటు దగ్గరకు చేర్చదండీ. వాట్లు ఆ లైటు ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతాయి గాని, నీటి అడుగున ఉన్న పగడానికి ఎంత వెలుగు అందుతుందో చెప్పవు. లీటరుకు ఇన్ని వాట్లు అన్న సూత్రం ట్యూబులైట్ల కాలానిది. ఎల్ఈడీల సామర్థ్యం ఒకదానికొకటి పొంతన లేనంత తేడాగా ఉంటుంది కనుక ఆ లెక్క ఇప్పుడు పనికిరాదు. కెల్విన్ అనేది మన కంటికి ఆ వెలుగు ఏ ఛాయలో కనిపిస్తుందో చెప్పే కొలత మాత్రమే.

పగడం కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియతో తయారు చేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికే చేరుతుంది. అందువల్ల మనం కొలవవలసింది ఆ శైవలాలకు పనికివచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతిని, అంటే పార్ విలువను. మష్రూమ్‌లకు 50 నుంచి 100, జోయాంథిడ్లకు, హామర్‌కు 75 నుంచి 150, అక్రోపోరాకు 200 నుంచి 350 వరకు పార్ ఉంటే బాగుంటుందని పెంపకందారులు సాధారణంగా అనుకుంటారు. ఇవి గీసిన గీతలు కావు, మొదలుపెట్టడానికి ఆనవాళ్లు.

మీ పాత బార్ కింద మష్రూమ్‌లు బతికితే బతకవచ్చు. కాని పగడాల మెరుపు రంగులు నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో తిరిగి వెలువరించే వర్ణకాల వల్ల వస్తాయి. తెల్లని వెలుగు ఎక్కువైతే ఆ మెరుపు మన కంటికి ఆనదు. నీటిలో ఎరుపు కాంతి కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం లోతుకు దిగుతుంది కనుక, పగడాలు నీలి వెలుగుకు అలవాటుపడిన జీవులు. 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య బలంగా ఉండి, నీలాన్నీ తెలుపునూ విడివిడిగా తగ్గించుకోగల లైటు తీసుకోండి.

రెండవ సమాధానం:
పై మాటలతో ఏకీభవిస్తూనే, చాలామంది పట్టించుకోని విషయం ఒకటి చెబుతాను. వెలుగు ఎంత బలమైనదన్నదానికన్నా ఎంత సమంగా పరుచుకుంటుందన్నది మీ తొట్టికి ముఖ్యం. పొడవు వెడల్పుకు రెట్టింపు ఉంది కాబట్టి, నడిమధ్యన ఒకే గుండ్రటి లైటు వేలాడదీస్తే దాని కింద ఉన్న రాయి మీద వెలుగు మండిపోతుంది, రెండు చివరలూ మసకగా మిగులుతాయి. పైగా బలమైన చుక్కలాంటి లైటు కింద కొమ్మలున్న పగడానికి పైభాగమే వెలుగు చూస్తుంది, దిగువ భాగం నీడలో పడి క్రమంగా కణజాలం కోల్పోవచ్చు. తొట్టి పొడవునా సాగే బార్ గాని, రెండు చిన్న లైట్లు గాని మేలు. తయారీదారు పార్ పటం ఇచ్చి ఉంటే, ఆ కొలతలు గాలిలో తీసినవా నీటిలో తీసినవా, లైటును ఎంత ఎత్తున ఉంచి తీసినవా అన్నది చూడకుండా నమ్మకండి.

అక్రోపోరా కోసం ఇప్పుడే భారీ లైటు కొనడం నాకు సబబుగా తోచదు. దానికి వెలుగుతో పాటు కాల్షియం, ఆల్కలినిటీ (ఆమ్లత్వాన్ని తట్టుకునే నీటి శక్తి) నిలకడగా ఉండాలి; ఇంత తక్కువ నీటిలో ఆ నిలకడ సాధించడమే అసలు కష్టం.

మొదటి సమాధానమిచ్చినవారు:
ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు. మసకబార్చుకునే వీలు ఉన్నంతవరకు, అవసరానికి మించిన శక్తి ఉన్న లైటును 30, 40 శాతంలో నడుపుకుంటే నష్టం లేదు. వేడి తగ్గుతుంది, రేపు లైటు మార్చే పనీ ఉండదు. కాకపోతే, చేతిలో ఉంది కదా అని మీట పైకి జరిపే అలవాటును అదుపులో పెట్టుకోవాలి.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. తొట్టి పొడవునా వచ్చే నీలం, తెలుపు బార్ బిగించాను. పార్ మీటరు లేదు, ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఉంది. పగడాలు పెట్టిన కొద్ది రోజులకు, మూలన ఉన్న జోయాంథిడ్లు కాడలు సాచి పైకి లేస్తున్నాయి. మధ్యన రాతి మీద ఉన్న మష్రూమ్ మాత్రం అంచులు ముడుచుకుని సగానికి కుంచించుకుపోయింది. వెలుగు పెంచాలా, తగ్గించాలా?

రెండవ సమాధానమిచ్చినవారు:
రెండూ వద్దు, చోట్లు మార్చండి. కాడలు సాచడం వెలుగు చాలక వెతుక్కునే లక్షణం. ముడుచుకోవడం ఎక్కువైందనడానికి గుర్తు. మష్రూమ్‌ను ఇసుక దగ్గరికి, రాయి నీడ పడే చోటికి దించి, జోయాంథిడ్లను రాతి నడుమకు జరపండి. హామర్ తెచ్చినప్పుడు వాటికి ఎడంగా పెట్టండి, దాని కుట్టే తంతువులు రాత్రిళ్లు చాలా దూరం సాగుతాయి.

లక్స్ యాప్ ఈ పనికి రాదు. లక్స్ అనేది మన కంటికి తగ్గట్టు కట్టిన కొలత. 555 నానోమీటర్ల దగ్గరి పచ్చని వెలుగుకు ఎక్కువ విలువ ఇచ్చి, నీలాన్ని తక్కువ చేసి చూపుతుంది. దాన్ని నమ్మి వెలుగు చాలలేదనుకుని పెంచితే పగడం శైవలాలను బయటికి నెట్టి తెల్లబారిపోతుంది. దగ్గర్లో ఎవరి వద్దనైనా పార్ మీటరు ఉంటే ఒక్క పూట అడిగి తెచ్చుకుని, ప్రతి రాయి మీదా కొలిచి రాసి పెట్టుకోండి. లైటు ఎత్తు, శాతం మార్చనంతవరకు ఆ కాగితం మీకు పనికివస్తుంది.

వెలుగు విషయంలో పగడానికి తొందర పనికిరాదు. ఇప్పుడున్న శాతాన్ని రెండు వారాల పాటు కదిలించకుండా, రోజుకు 8 నుంచి 10 గంటలు టైమరుతో వెలిగించండి. తర్వాత వారానికి 5 శాతం చొప్పున పెంచవచ్చు. రంగు గోధుమ ఛాయకు తిరిగితే వెలుగు తక్కువైందని, పాలిపోతుంటే ఎక్కువైందని అనుమానించాలి. అయితే నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా లేకపోయినా పగడాలు పాలిపోతాయి కనుక, లైటు మీద చెయ్యి వేయకముందే నీటి పరీక్ష చేయండి.

మొదటి సమాధానమిచ్చినవారు:
ఇంకొక్క మాట. బార్ తీగ ప్లగ్గు దాకా నేరుగా దిగకుండా, మధ్యలో ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా వదలండి. తీగ వెంట జారే ఉప్పునీరు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. లైటు అద్దం మీద తెల్లగా పేరుకునే ఉప్పు పొరను వారానికోసారి కరెంటు ఆపి, మంచినీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవండి; ఆ పొర వల్ల తగ్గిన వెలుగును చూసి లైటు పాడైందనుకునేవారు ఉన్నారు.